ఆతిథ్య నగరం (మహా క్రీడోత్సవాలు)

ఒలింపిక్స్, ఆసియా క్రీడలు, కామన్వెల్త్ క్రీడల వంటి ఉత్సవాల్లో ఒకే సమయంలో అనేక క్రీడల పోటీలు జరుగుతాయి. వీటిని నిర్వహించే బాధ్యతను క్రీడాసంఘంతో ఒప్పందం చేసుకుని స్వీకరించిన నగరాన్ని ఆతిథ్య నగరం అంటారు. ఫుట్‌బాల్, క్రికెట్ ప్రపంచకప్పుల ఆతిథ్యం దేశానికి దక్కుతుంది, మ్యాచ్‌లు పలు ఊళ్లకు పంచుతారు. బహుళ క్రీడోత్సవంలో మాత్రం బరువంతా దాదాపు ఒక్క నగరం మీదే పడుతుంది. రెండు మూడు వారాల కోసం వేల మంది క్రీడాకారులకు బస, భోజనం, ప్రయాణం, మైదానం, వైద్యం, భద్రత సమకూర్చాలి. అదే సమయంలో ఊళ్లో రోజువారీ జీవితం ఆగకూడదు.

ఏ నగరం విజయం సాధించిందో చెప్పడానికి మూడు కొలతలు వాడుకలో ఉన్నాయి. మొదటిది పోటీలు సజావుగా జరగడం, రెండోది చేసిన ఖర్చు నగరం మోయగలిగినంతలో ఉండడం, మూడోది కట్టినవన్నీ ఆ తర్వాత ఊరివాళ్లకు పనికిరావడం. మూడూ ఒకే నగరంలో కలిసిరావడం అరుదు. 2004లో ఏథెన్స్ క్రీడలను చక్కగా జరిపినా దాని మైదానాలు చాలావరకు పాడుబడ్డాయి. 1984లో లాస్ ఏంజెలెస్‌కు మిగులు వచ్చింది కానీ నగరం రూపురేఖల్లో పెద్ద మార్పేమీ రాలేదు. 1992లో బార్సిలోనా అంచనాలను బాగా మించి ఖర్చు చేసినా, విజయవంతమైన ఆతిథ్యానికి ఉదాహరణగా అందరూ ముందు చెప్పేది ఆ నగరం పేరే.

చరిత్ర

1896లో ఏథెన్స్‌లో తొలి ఆధునిక ఒలింపిక్స్ జరిగినప్పుడు ప్రత్యేకంగా నగరాన్ని సిద్ధం చేయాలన్న ఆలోచన లేదు. దాత జార్జ్ అవెరోఫ్ ఇచ్చిన డబ్బుతో ప్రాచీన పానథెనాయిక్ స్టేడియానికి పాలరాతితో మరమ్మతు చేశారు. 1900 పారిస్, 1904 సెయింట్ లూయిస్ క్రీడలు ప్రపంచ ప్రదర్శనలకు తోకగా జరిగాయి. 1932లో లాస్ ఏంజెలెస్ పురుష క్రీడాకారులందరికీ ఒకేచోట బస ఏర్పాటు చేయడంతో క్రీడాగ్రామం అనే పద్ధతి మొదలైంది. మహిళలకు మాత్రం హోటల్లో బస ఇచ్చారు.

క్రీడలను సాకుగా చేసుకుని నగరాన్నే తిరిగి కట్టే ధోరణి రెండో ప్రపంచయుద్ధం తర్వాత బలపడింది. 1964లో టోక్యో క్రీడలు అక్టోబర్ 10న ప్రారంభం కాగా, టోక్యో–ఒసాకా మధ్య షింకన్‌సెన్ వేగరైలు అక్టోబర్ 1నే పట్టాలెక్కింది. 1972లో మ్యూనిక్‌లో ఇజ్రాయెల్ బృందానికి చెందిన 11 మంది హతమయ్యాక భద్రత ఖర్చు ప్రధాన పద్దుగా మారింది. 1976లో మాంట్రియల్ అప్పుల్లో కూరుకుపోయాక నగరాలు ఆతిథ్యానికి జంకాయి. 1984 క్రీడలకు టెహరాన్ తప్పుకోగా చివరికి లాస్ ఏంజెలెస్ ఒక్కటే మిగిలింది. పోటీదారు లేకపోవడంతో ఆ నగరం తన షరతులను అంతర్జాతీయ ఒలింపిక్ సంఘం చేత ఒప్పించుకోగలిగింది.

నగరం ఎంపిక

చిరకాలం పాటు ఎంపిక వేలం పాటలాగే సాగింది. నగరాలు ప్రణాళికలు సమర్పించేవి, ఒలింపిక్ సంఘ సభ్యులు రహస్య ఓటుతో ఒకదాన్ని ఎన్నుకునేవారు. ప్రత్యర్థిని మించాలన్న తాపత్రయంలో అవసరానికి మించిన స్టేడియాలు, తక్కువ చేసి చూపిన అంచనాలు ప్రణాళికల్లో చేరేవి. 2002 శీతాకాల క్రీడలు సాల్ట్ లేక్ సిటీకి దక్కడం వెనుక సభ్యులకు కానుకలు ముట్టాయన్న సంగతి 1998 చివర్లో బయటపడింది. ఆ తర్వాత పోటీలో ఉన్న నగరాలకు సభ్యులు వెళ్లడాన్ని నిషేధించారు.

ఎంపికైనంత మాత్రాన ఆతిథ్యం ఖాయమైనట్టు కాదు. 1976 శీతాకాల క్రీడలు దక్కిన డెన్వర్‌లో, 1972 నవంబర్‌లో ఓటర్లు ప్రజాధనం వెచ్చించడానికి ఒప్పుకోలేదు. ఆ క్రీడలు ఇన్స్‌బ్రుక్‌కు వెళ్లాయి. ప్రజల సమ్మతి ఆతిథ్యానికి పునాది అని అప్పుడే తేటతెల్లమైనా, దాన్ని ముందుగా అడిగే అలవాటు స్థిరపడటానికి చాలా ఏళ్లు పట్టింది.

ఏర్పాట్లు

*వేదికలు.* ఈత, సైక్లింగ్, జిమ్నాస్టిక్స్, అథ్లెటిక్స్ వంటి ప్రతి క్రీడకూ అంతర్జాతీయ సమాఖ్య కొలతలు వేరు, ప్రేక్షకుల సంఖ్య వేరు. ఉన్న వేదికను వాడుకోవడం, తాత్కాలికంగా కట్టి విప్పేయడం, శాశ్వతంగా కట్టడం అనే మూడు దారుల్లో ఏది ఏ క్రీడకు నప్పుతుందో తేల్చుకోవడంలోనే నగరం తెలివి కనబడుతుంది. లండన్ 2012 ఈతకొలను ఇందుకు మంచి ఉదాహరణ. జహా హదీద్ రూపకల్పన చేసిన ఆ భవనానికి రెండు పక్కలా తాత్కాలిక గ్యాలరీలు తగిలించి 17,500 సీట్లు సమకూర్చారు. క్రీడలయ్యాక వాటిని ఊడదీశారు, సీట్లు 2,500కు తగ్గాయి. అదే కొలనులో ఇప్పుడు చుట్టుపక్కల పిల్లలు ఈత నేర్చుకుంటున్నారు. 80,000 మంది కూర్చునే ప్రధాన స్టేడియం ఏమవుతుందన్నది మాత్రం ముందే తేల్చలేదు. దాన్ని ఫుట్‌బాల్ క్లబ్బుకు అనువుగా మార్చడానికి మళ్లీ పెద్ద మొత్తం వెచ్చించాల్సి వచ్చింది. దీనికి భిన్నంగా మాంచెస్టర్‌లో 2002 కామన్వెల్త్ స్టేడియాన్ని మొదటినుంచీ ఫుట్‌బాల్ మైదానంగా మార్చే ఉద్దేశంతోనే కట్టారు.

*క్రీడాగ్రామం.* వేలమంది క్రీడాకారులు, శిక్షకులు ఉండే నివాస సముదాయమిది. ఇరవై నాలుగ్గంటలూ నడిచే భోజనశాల, వైద్యశాల, ప్రార్థనా మందిరాలు ఇందులో భాగం. క్రీడల తర్వాత ఇళ్లుగా అమ్మడం సాధారణ పద్ధతి. 1984లో లాస్ ఏంజెలెస్ కొత్త గ్రామం కట్టకుండా విశ్వవిద్యాలయాల విద్యార్థి వసతిగృహాలను వాడుకుంది. ఒలింపిక్స్ ముగిసిన కొద్ది రోజులకే పారాలింపిక్స్ ఉంటాయి కాబట్టి చక్రాల కుర్చీకి అనువైన ద్వారాలు, ర్యాంపులు మొదటినుంచీ ఉండాలి.

*రవాణా.* పోటీ సమయానికి ఈతగాడు కొలనుకు చేరకపోతే మిగతా ఏర్పాట్లన్నీ వృథా. అట్లాంటా 1996లో బస్సులు దారితప్పడం, ఆలస్యం కావడం ఆ క్రీడలకు తీరని మచ్చగా మిగిలింది. లాస్ ఏంజెలెస్‌లో 1984లో అంతకు పన్నెండేళ్ల ముందే వేరే రకం ఉపాయం ఫలించింది. సరుకు లారీలను రాత్రిపూటకు మళ్లించి, కార్యాలయాల వేళలను మార్పించారు. నిత్యం కిక్కిరిసే ఆ నగరపు దారులు క్రీడల వేళ మామూలు రోజులకంటే సాఫీగా సాగాయి. లండన్‌లో సెయింట్ పాంక్రస్ నుంచి స్ట్రాట్‌ఫర్డ్ ఒలింపిక్ పార్కుకు ప్రత్యేక రైలు ఏడు నిమిషాల్లో చేర్చేది.

*మనుషులు.* దారి చూపడం, టికెట్లు సరిచూడటం, భాష తెలియనివారికి తోడుగా ఉండటం వంటి పనులు జీతం లేని స్వచ్ఛంద కార్యకర్తలు చేస్తారు. బార్సిలోనాలో సుమారు 34,000 మంది, లండన్‌లో 70,000 మంది పనిచేశారు. బయటినుంచి వచ్చినవారికి నగరమంటే ఈ మనుషులే. సిడ్నీ 2000కు వచ్చిన మంచిపేరులో పెద్ద వాటా వీరిదని అక్కడి నిర్వాహకులు మొదలు విలేఖరుల దాకా అందరూ ఒప్పుకున్నారు.

*భద్రత.* మ్యూనిక్ తర్వాత, అట్లాంటా పార్కులో బాంబు పేలిన తర్వాత, మళ్లీ 2001లో అమెరికాపై ఉగ్రవాద దాడుల తర్వాత ఈ పద్దు ఒక్కో మెట్టూ పెరుగుతూ వచ్చింది. లండన్‌లో ప్రైవేటు భద్రతా సిబ్బంది సరిపోక చివరి నిమిషంలో సైనికులను దించాల్సి వచ్చింది.

ఖర్చు, రాబడి

ఆతిథ్య నగరానికి రెండు పద్దులు ఉంటాయి. మొదటిది నిర్వహణ పద్దు. క్రీడలు జరిపే ఖర్చు ఇందులోకి వస్తుంది. టీవీ హక్కుల్లో వాటా, ప్రాయోజకుల సొమ్ము, టికెట్ల డబ్బు దీనికి ఆధారం. రెండోది నిర్మాణ పద్దు. స్టేడియాలు, రోడ్లు, రైళ్లు ఇందులోకి వస్తాయి. దీన్ని ఎక్కువగా ప్రజాధనమే మోస్తుంది. నిర్వాహక సంఘాలు లాభం ప్రకటించినప్పుడు సాధారణంగా మొదటి పద్దునే లెక్కలోకి తీసుకుంటాయి. ఈ తేడా గమనించకపోతే ఏ నగరపు లెక్కా అర్థం కాదు.

లాస్ ఏంజెలెస్ 1984 మిగులు 20 కోట్ల డాలర్లకు పైనే. పీటర్ యూబరోత్ నాయకత్వంలోని ప్రైవేటు సంఘం 1932 క్రీడలు జరిగిన కొలీజియంనే మళ్లీ వాడింది. టీవీ హక్కులకు ఏబీసీ సంస్థ 22.5 కోట్ల డాలర్లు చెల్లించింది. అక్కడి కిటుకంతా కొత్తగా దాదాపు ఏమీ కట్టకపోవడంలోనే ఉంది. ఇందుకు పూర్తి విరుద్ధంగా మాంట్రియల్‌లో రోజే తైయిబేర్ రూపొందించిన స్టేడియం గోపురం క్రీడల నాటికి పూర్తికాలేదు, 1987లో గాని ముగియలేదు. పొగాకుపై వేసిన పన్నుతో క్యూబెక్ వాసులు ఆ అప్పును 2006 దాకా తీర్చారు. 1976లో పుట్టిన పిల్లలు ముప్పై ఏళ్లవాళ్లయ్యేదాకా ఆ భారం సాగింది.

1960 తర్వాతి ఒలింపిక్స్‌పై ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2016లో ప్రచురించిన అధ్యయనంలో, క్రీడలకు నేరుగా సంబంధించిన ఖర్చు సగటున అంచనాను 156 శాతం మించినట్టు తేలింది. మాంట్రియల్‌లో ఇది 720 శాతం, బార్సిలోనాలో 266 శాతం. తేదీ మారదు, పరిమాణం తగ్గదు, ఒప్పందం ప్రకారం లోటు నగరానిదే. ఈ మూడూ కలిసినప్పుడు గుత్తేదారుదే పైచేయి అవుతుంది. గడువు దగ్గరపడేకొద్దీ ధర పెరుగుతుంది.

బార్సిలోనా 1992

ఈ నగరాన్ని విడిగా పరిశీలించడానికి కారణముంది. ఒలింపిక్స్ కోసం బార్సిలోనా ప్రణాళిక వేసుకోలేదు. ఉన్న ప్రణాళికకు ఒలింపిక్స్‌ను వాడుకుంది.

1936 ఒలింపిక్స్‌కు పోటీపడి బెర్లిన్ చేతిలో ఓడిన నగరమిది. నాజీల క్రీడలకు పోటీగా అదే ఏడాది మోన్‌జుయిక్ కొండపై 1929 నాటి స్టేడియంలో ప్రజా ఒలింపియాడ్ జరపాలనుకుంటే, స్పెయిన్ అంతర్యుద్ధం రేగి ఆగిపోయింది. ఆ తర్వాత వచ్చిన ఫ్రాంకో నియంతృత్వం 1975 దాకా సాగింది. అన్నాళ్లూ ఈ నగరం పట్ల, దాని కాటలాన్ భాష పట్ల ప్రభుత్వానికి చిన్నచూపే. పార్కులు, బడులు, మురుగు కాలువలు లేని శివారు బస్తీలు పెరిగాయి. 1976లో మహానగర సర్వసమగ్ర ప్రణాళిక తయారైంది. దాన్ని అమలుచేసే డబ్బు మాత్రం లేదు. 1986 అక్టోబర్‌లో లొజాన్‌లో 1992 క్రీడలు బార్సిలోనాకు దక్కాయి. అప్పటి ఒలింపిక్ సంఘ అధ్యక్షుడు హువాన్ ఆంటోనియో సమరాంచ్ ఈ నగరంవాడే. దక్కిన ఆతిథ్యం చూపి మాడ్రిడ్ నుంచి, ప్రాంతీయ ప్రభుత్వం నుంచి నిధులు రాబట్టడం మేయర్ పస్క్వాల్ మరగాల్ పని అయింది. స్పెయిన్ ప్రభుత్వం, నగరపాలక సంస్థ కలిసి నిర్మాణాల కోసం ఉమ్మడి కంపెనీ పెట్టాయి.

వేదికలను ఒకే చోట గుమిగూర్చకుండా మోన్‌జుయిక్, దియగొనాల్, వాల్ ద’ఎబ్రోన్, సముద్రతీరం అనే నాలుగు చోట్లకు పంచారు. నగరం నలుమూలలా ఏదో ఒకటి మిగలాలన్నది ఉద్దేశం. పాత స్టేడియం ముఖభాగాన్ని అలాగే ఉంచి లోపల కొత్తగా కట్టారు. పక్కనే జపాన్ వాస్తుశిల్పి అరాత ఇసొజాకి ఇండోర్ స్టేడియం లేచింది. డైవింగ్ కొలను కూడా 1929 నాటిదే. పైమెట్టునుంచి దూకే క్రీడాకారుల వెనుక నగరమంతా, అందులో సగ్రాద ఫమీలియ చర్చి గోపురాలు కనిపించే దృశ్యాన్ని టీవీలు ప్రపంచమంతటా చూపాయి. నగరానికి అంతకుమించిన ప్రచారం ఏ ప్రకటనతోనూ రాదు.

అసలు మార్పు సముద్రం ఒడ్డున జరిగింది. పోబ్లెనౌ అంటే మూతపడ్డ మిల్లులు, గోదాములు, తీరం వెంట రైలు పట్టాలు. సముద్రం పక్కనే ఉన్నా ఊరివాళ్లకు ఒడ్డు చేరే దారి లేదు. ఒరియోల్ బొహీగాస్ వంటి వాస్తుశిల్పుల పర్యవేక్షణలో పట్టాలు తొలగించారు, మురుగు మళ్లించారు, ఇసుక పోసి తీరాన్ని సరిచేశారు. సుమారు 2,000 ఇళ్ల క్రీడాగ్రామం అక్కడే వెలిసింది. తీరం వెంట వేసిన చుట్టురహదారిని కొన్నిచోట్ల నేలమట్టం కంటే కిందికి దించి, జనం దానిమీదుగా నడిచి ఇసుకలోకి దిగేలా చేశారు. ఆ రోడ్డును అడ్డుగోడలా మామూలు ఎత్తులోనే వేసి ఉంటే ఈనాటి బార్సిలోనా వేరుగా ఉండేది.

ఈ కథకు రెండో వైపూ ఉంది. గ్రామంలోని ఇళ్లు ఎక్కువగా మధ్యతరగతికి, అంతకు పైవారికే అందాయి. నగరంలో ఇళ్ల ధరలు వేగంగా పెరిగాయి. మరో ముప్పై ఏళ్లకు పర్యాటకుల తాకిడే సమస్యగా మారింది. 2024 జులైలో నిరసనకారులు పర్యాటకులపై నీటి తుపాకులతో నీళ్లు చల్లారు. పర్యాటకులకు ఇళ్లు అద్దెకిచ్చే అనుమతులన్నీ 2028 నవంబర్ కల్లా ముగిస్తామని నగరపాలక సంస్థ ప్రకటించింది.

భారతదేశంలో

1951 మార్చిలో తొలి ఆసియా క్రీడలకు ఢిల్లీ ఆతిథ్యమిచ్చింది. పదకొండు దేశాలు పాల్గొన్నాయి. 1982లో ఆసియా క్రీడలు మళ్లీ వచ్చినప్పుడు జవహర్‌లాల్ నెహ్రూ స్టేడియం, ఇందిరాగాంధీ ఇండోర్ స్టేడియం, ఫ్లైఓవర్లు కట్టారు. దేశంలో రంగుల టీవీ ప్రసారం విస్తరించిందీ ఈ సందర్భంలోనే. ఆ నిర్మాణాల కూలీల వేతనాలపై వేసిన వ్యాజ్యంలో సుప్రీంకోర్టు 1982లో ముఖ్యమైన తీర్పిచ్చింది. కనీస వేతనం కంటే తక్కువకు పని చేయించుకోవడం రాజ్యాంగం 23వ అధికరణం నిషేధించిన వెట్టిచాకిరీ కిందికే వస్తుందని చెప్పింది. ఆ క్రీడలు మిగిల్చినవాటిలో ఈ తీర్పునూ లెక్కించాలి, స్టేడియాలకంటే ఎక్కువ మందికి ఉపయోగపడింది.

2010లో ఢిల్లీలో జరిగిన కామన్వెల్త్ క్రీడల్లో భారత్ 101 పతకాలు గెలుచుకుంది. అయినా జనానికి ఎక్కువ గుర్తున్నవి పనుల ఆలస్యం, అవకతవకల ఆరోపణలు. ప్రారంభానికి పన్నెండు రోజుల ముందు ప్రధాన స్టేడియం దగ్గర కడుతున్న పాదచారుల వంతెన కూలి 20 మందికి పైగా కార్మికులు గాయపడ్డారు. 2011లో కాగ్ నివేదిక కొనుగోళ్లలో, పనుల్లో లోపాలను ఎత్తిచూపింది. ఎంపిక 2003లోనే జరిగినా పనులు చివరి రెండేళ్లలోకి నెట్టుకొచ్చాయి. గడువు ఒత్తిడిలో టెండర్ల నియమాలు సడలాయి. మరోవైపు మెట్రో విస్తరణ, 2010 జులైలో ప్రారంభమైన విమానాశ్రయ మూడో టెర్మినల్ నగరానికి మిగిలాయి. విమానాశ్రయ మెట్రో మార్గం మాత్రం క్రీడలు ముగిశాక 2011 ఫిబ్రవరిలో మొదలైంది.

హైదరాబాదు

తెలుగు నేలపై ఈ స్థాయి ఆతిథ్యం ప్రధానంగా హైదరాబాదుదే. 2002 డిసెంబర్‌లో 32వ జాతీయ క్రీడలు, 2003 అక్టోబర్ 24 నుంచి నవంబర్ 1 దాకా తొలి ఆఫ్రో–ఆసియా క్రీడలు, 2007 అక్టోబర్‌లో ప్రపంచ సైనిక క్రీడలు ఇక్కడ జరిగాయి. సైనిక క్రీడల్లో కొన్ని పోటీలను ముంబైలో నిర్వహించారు. ఆఫ్రో–ఆసియా క్రీడలు ఆ తర్వాత మరెక్కడా జరగలేదు. అప్పటికి నగరం అంచున ఉన్న గచ్చిబౌలిలో జి.ఎం.సి. బాలయోగి స్టేడియం, ఇండోర్ స్టేడియం, ఈతకొలను వచ్చాయి. యూసుఫ్‌గూడలో కోట్ల విజయభాస్కరరెడ్డి ఇండోర్ స్టేడియం ఉంది.

గచ్చిబౌలి వేదికల వాడుక మారుతూ వచ్చింది. ఇండోర్ స్టేడియంలో 2009 ఆగస్టులో ప్రపంచ బ్యాడ్మింటన్ చాంపియన్‌షిప్ జరిగింది. బాలయోగి స్టేడియం 2019లో హైదరాబాద్ ఎఫ్‌సీ ఫుట్‌బాల్ జట్టుకు సొంత మైదానమైంది. 2020లో కరోనా వచ్చినప్పుడు క్రీడా సముదాయంలోని పద్నాలుగు అంతస్తుల బస భవనాన్ని ఆసుపత్రిగా మార్చి మంచాలు వేశారు. క్రీడాకారులు ఉండాల్సిన గదుల్లోకి ఆక్సిజన్ గొట్టాలు వచ్చాయి. కట్టినప్పుడు ఎవరూ ఊహించని ఉపయోగమిది. అయితే ఆపద వేళ అంత పెద్ద భవనం అందుబాటులో ఉండడానికి, అది క్రీడలకు నిత్యం వినియోగంలో లేకపోవడమూ ఒక కారణమే.

మారుతున్న పద్ధతి

2015లో హాంబర్గ్ ఓటర్లు 2024 ఒలింపిక్స్ వద్దన్నారు. తర్వాత రోమ్, బుడాపెస్ట్ తప్పుకున్నాయి. మిగిలిన పారిస్, లాస్ ఏంజెలెస్‌లకు 2017లో ఒకేసారి 2024, 2028 క్రీడలు ఇచ్చేశారు. ఒలింపిక్ సంఘం 2019లో బహిరంగ పోటీకి బదులు ఆసక్తి ఉన్న నగరంతో నేరుగా సంప్రదించే విధానం తెచ్చింది. 2032 క్రీడలకు బ్రిస్బేన్ ఎంపికైంది ఈ పద్ధతిలోనే. పోటీలను నగరం దాటి ఇతర ఊళ్లకు పంచుకోవడానికీ ఇప్పుడు అనుమతి ఉంది. పారిస్ 2024లో సుమారు 95 శాతం వేదికలు పాతవో తాత్కాలికమైనవో. కొత్తగా కట్టిన ఈతకొలనును నగరపు వెనుకబడిన శివారు సెయింట్ డెనిస్‌లో పెట్టారు.

కామన్వెల్త్ క్రీడలదీ ఇదే పరిస్థితి. 2022 క్రీడలు డర్బన్ చేజారి బర్మింగ్‌హామ్‌కు వెళ్లాయి. 2026 ఆతిథ్యానికి ఒప్పుకున్న ఆస్ట్రేలియాలోని విక్టోరియా రాష్ట్రం, ఖర్చు పెరిగిందంటూ 2023 జులైలో తప్పుకుంది. ఆ స్థానంలో ముందుకొచ్చిన గ్లాస్గో, 2014లో వాడిన వేదికల మీదే ఎక్కువగా ఆధారపడి, పది క్రీడలతో, నాలుగు వేదికల్లో సరిపెట్టేలా ప్రణాళిక వేసుకుంది. 2030 క్రీడలు అహ్మదాబాద్‌కు దక్కాయి. 1,32,000 మంది పట్టే క్రికెట్ స్టేడియం అక్కడ ఇప్పటికే ఉంది. దాని చుట్టూ సర్దార్ వల్లభ్‌భాయ్ పటేల్ క్రీడా ప్రాంగణం నిర్మాణంలో ఉంది.